'ఆటిజం ముఖం' అనే అనుమానంతో వచ్చిన బాబు: ఒక కేసు పూర్తి వివరాలు

రిఫరల్ చీటీలో ఉన్నది ఒక్క వాక్యం: "ముఖం ఆటిజంలా ఉంది, పరీక్షించి చెప్పగలరు." మాటలు ఎన్ని వచ్చాయి, పేరు పెట్టి పిలిస్తే తిరుగుతాడా, వినికిడి చూశారా అన్న సంగతులేవీ లేవు. బాబు వయసు 4 ఏళ్ళ 2 నెలలు.

తల్లిదండ్రుల చేతిలో ఇంకో రెండు 'సాక్ష్యాలు' ఉన్నాయి. ఒకటి ఫోన్‌లోని యాప్. ఫొటో పెడితే ఆటిజం అవకాశం 87 శాతం అని చూపింది. రెండోది థెరపీ సెంటర్ వార్షికోత్సవంలో తీసిన గ్రూప్ ఫొటో. "పిల్లలందరూ అన్నదమ్ముల్లా లేరూ?" అని తండ్రి అడుగుతున్నాడు. అమ్మమ్మది పూర్తిగా ఎదురు వాదన. "ఇంత కళగల ముఖం, వీడికి జబ్బేంటండీ? మాటలు ఆలస్యం, అంతే." చూడబోతే రెండు వాదనలకీ పునాది ఒకటే: ఆటిజం ఉంటే ముఖంలో కనిపిస్తుందన్న నమ్మకం. ఆ నమ్మకం తప్పు. కానీ దాంతోపాటు ముఖాన్ని కూడా పట్టించుకోకుండా వదిలేసి ఉంటే, ఈ ఇంట్లో మూడు తరాలుగా నడుస్తున్న అసలు కారణం బయటపడేది కాదు.

ఇక్కడ రాస్తున్న కుటుంబం ఏ ఒక్క ఇంటిదీ కాదు. ఒకే తరహా కేసుల వివరాలను కలిపి, ఎవరినీ గుర్తుపట్టే వీలు లేకుండా కూర్చిన నమోదు ఇది. కొలతల పద్ధతి, పరీక్షల క్రమం, అంకెల హద్దులు మాత్రం వాడుకలో ఉన్నవే.

ఉమ్మడి పోలిక ఉందా?

1943లో లియో కానర్ 11 మంది పిల్లల గురించి రాసిన తొలి వ్యాసంలోనే ముఖం ప్రస్తావన వచ్చింది. ఈ పిల్లల ముఖాలు చూడగానే తెలివైనవాళ్ళనిపిస్తాయని ఆయన గమనించారు. అంటే ఆయన దృష్టిని పట్టుకున్నది ముఖంలో ఏదో తేడా ఉండటం కాదు, తేడా ఏదీ లేకపోవడం. ఆటిజం పిల్లలు అందంగా ఉంటారన్న మాట ఆ తర్వాత చాలాకాలం నడిచింది. అమ్మమ్మ వాదన దానికి దూరపు బంధువే.

కొలతలతో చేసిన పనుల్లో ఎక్కువగా వినిపించేది 2011లో అమెరికాలోని మిస్సోరీ విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్టినా ఆల్డ్రిడ్జ్ బృందం చేసినది. 8 నుంచి 12 ఏళ్ళ అబ్బాయిల ముఖాలను త్రీడీ కెమెరాలతో తీసి, 17 బిందువుల మధ్య దూరాలు లెక్కగట్టారు. ఆటిజం ఉన్నవాళ్ళు 64 మంది, లేనివాళ్ళు 41 మంది. ఆటిజం గుంపులో సగటున ముఖం పైభాగం, కళ్ళు, నోరు, ముక్కు కింది గాడి కాస్త వెడల్పు. ముక్కు, బుగ్గలు ఉన్న నడిమి భాగం కాస్త పొట్టి. 2017లో పశ్చిమ ఆస్ట్రేలియా పరిశోధకులు ఆటిజం ఉన్న అబ్బాయిల్లోనూ అమ్మాయిల్లోనూ ముఖ నిర్మాణం సగటున పురుష లక్షణాల వైపు కొంచెం జరిగి ఉందని చూపించారు.

ఇవి అబద్ధాలు కావు. కానీ ఇవి గుంపుల సగటులు, తేడాలు మిల్లీమీటర్లలో ఉంటాయి. రెండు గుంపుల ముఖాలూ చాలావరకు ఒకదాని పరిధిలో ఒకటి పడతాయి. పైగా ఆ కొలతలు తీసింది పాశ్చాత్య దేశాల పిల్లల్లో. తూర్పు గోదావరి పిల్లవాడి ముక్కు కింది గాడి వెడల్పో ఆదిలాబాద్ పిల్లవాడి కళ్ళ మధ్య దూరమో ఆ సగటుతో పోల్చి చెప్పడానికి ఆధారం లేదు. డీఎస్‌ఎం-5 (మానసిక రుగ్మతల వర్గీకరణ పుస్తకం) నిర్ధారణ ప్రమాణాల్లో ముఖ నిర్మాణం గురించి ఒక్క అంశమూ లేదు.

యాప్ అంకె విషయం తండ్రికి కాగితం మీద లెక్కేసి చూపించాం. యాప్ చాలా గొప్పదనే అనుకుందాం: ఆటిజం ఉన్న 100 మందిలో 90 మందిని పట్టుకుంటుంది, లేని 100 మందిలో 90 మందిని సరిగ్గా వదిలేస్తుంది. నూటికి ఒకరికి ఆటిజం ఉందనుకుంటే, 1000 మంది పిల్లల్లో 10 మందికి ఉంటుంది, వాళ్ళలో 9 మందిని పట్టుకుంటుంది. మిగతా 990 మందిలో 99 మందికి కూడా 'ఉంది' అంటుంది. మొత్తం 108 మందికి భయం పుడితే అందులో నిజంగా ఉన్నది 9 మందికి, అంటే పన్నెండు మందిలో ఒకరికి. నిజానికి ఇలాంటి యాప్‌లు అంత గొప్పవీ కావు. చాలా వాటికి శిక్షణ ఇచ్చింది ఇంటర్నెట్ నుంచి ఏరుకొచ్చిన సుమారు మూడు వేల ఫొటోలతో. ఆ పిల్లల నిర్ధారణ ఎవరు చేశారో, అసలు చేశారో లేదో తెలియదు. ఒక గుంపు ఫొటోలు స్టూడియోవి, ఇంకో గుంపువి ఇంట్లో తీసినవైతే యంత్రం నేర్చుకునేది వెలుతురునీ వెనకున్న గోడనీ. ఇదే బాబువి వేరువేరు రోజుల ఫొటోలు అయిదు పెట్టించాం. 34 నుంచి 91 దాకా వచ్చింది. కాటుక పెట్టిన ఫొటోకే ఎక్కువ శాతం. కాటుకతో కళ్ళు వెడల్పుగా కనిపిస్తాయి మరి.

గ్రూప్ ఫొటోలో అందరూ ఎందుకు ఒకేలా ఉన్నారు?

తండ్రి చూసింది భ్రమ అనడం న్యాయం కాదు. ఆ ఫొటోలో పోలిక ఉంది, అయితే అది ఎముకలది కాదు. కెమెరా వైపు చూస్తున్నవాళ్ళు తక్కువ, చూపులు తలోవైపు ఉన్నాయి. ఫొటోగ్రాఫర్ నవ్వమన్నప్పుడు నవ్వినవాళ్ళు తక్కువ. కొందరి నోళ్ళు తెరిచి ఉన్నాయి.

నోరు తెరుచుకుని ఉండటానికే మూడు నాలుగు కారణాలుంటాయి, వాటిని ఓపిగ్గా విడదీయాలి. ముక్కు వెనక అడినాయిడ్లు వాచి ఉంటే పిల్లవాడు నోటితో గాలి పీలుస్తాడు. రాత్రి గురక, పొద్దున నోరు ఎండిపోవడం, పై పళ్ళు ముందుకు రావడం దానికి గుర్తులు. కండరాల బిగువు తక్కువైతే దవడ వేలాడుతుంది, చొంగ కారుతుంది. ప్రవర్తన సమస్యలకు ఇచ్చే రిస్పెరిడాన్ లాంటి మందు మోతాదు ఎక్కువైతే ముఖం కదలికలే తగ్గి మాస్కు తొడిగినట్టుంటుంది. అప్పుడు చేతుల బిగుతు కూడా చూడాలి. ముఖం ఒకవైపే కదలకపోతే అది ముఖనాడి సమస్య. చూపు కొన్ని సెకన్లు ఆగిపోయి, పిలిచినా తాకినా పలకకుండా మళ్ళీ మామూలైతే మూర్ఛ కోసం ఈఈజీ తీయాలి. వీటన్నిటినీ కలిపి 'ఆటిజం ముఖం' అని చీటీలో రాసేస్తే నయం చేయగలిగిన అడినాయిడ్లు కూడా అలాగే ఉండిపోతాయి.

అందువల్ల కేసు షీటులో ముఖానికి రెండు వేరు పేజీలు పెట్టాం. ఒకటి నిర్మాణానికి: ఎముక, చెవి, చర్మం, పళ్ళు, అంగిలి. రెండోది కదలికకు: ఎప్పుడు నవ్వాడు, ఎవరిని చూసి నవ్వాడు. మొదటిది 'కారణం ఏమై ఉండవచ్చు' అన్న ప్రశ్నకు పనికొస్తుంది. రెండోది 'ఎలా సంభాషిస్తున్నాడు' అన్నదానికి. ఒక పేజీలోది ఇంకో పేజీలోకి తీసుకురాకూడదు.

నిర్మాణం: ఎలా కొలిచాం

తల చుట్టుకొలతకు సాగని టేపు కావాలి. టైలర్ దగ్గరి పాత టేపు సాగిపోయి ఉంటుంది, అర సెంటీమీటరు అక్కడే తేడా వస్తుంది. కనుబొమల మీదుగా, వెనక తల బాగా ఉబ్బిన చోటు మీదుగా చుట్టి, మూడుసార్లు తీసి, అన్నిటికన్నా పెద్ద అంకె రాసుకోవాలి. జడలు, క్లిప్పులు ఉంటే తీసేయాలి. తల్లిదండ్రుల తలలు కూడా కొలవడం తప్పనిసరి. పెద్ద తల ఆ ఇంటి పోలికే అయితే అదే జవాబు. కళ్ళ లోపలి మూలల మధ్య దూరాన్ని, కంటి చీలిక పొడవును పారదర్శకమైన ప్లాస్టిక్ స్కేలుతో, ముఖానికి తాకించకుండా దగ్గరగా పట్టుకుని తీస్తాం. చెవి పొడవును పై అంచు నుంచి తమ్మె చివరి దాకా కాలిపర్‌తో తీస్తాం. చెవులు కిందికి ఉన్నాయో లేదో తల నిటారుగా పెట్టి చూడాలి. తల వెనక్కి వాలిస్తే ఎవరి చెవులైనా కిందికి దిగినట్టే ఉంటాయి.

ఫొటోలు మీటరున్నర నుంచి రెండు మీటర్ల దూరంలో, జూమ్ వాడి తీయాలి. ముఖానికి అడుగు దూరంలో తీసిన సెల్ఫీలో ముక్కు సుమారు 30 శాతం దాకా వెడల్పుగా కనిపిస్తుంది, చెవులు వెనక్కి పోయి చిన్నవవుతాయి. ఎదురుగా, రెండు పక్కల నుంచి, అరచేతులు, పాదాలు. దిష్టిచుక్క తుడిచాకే చర్మం చూడాలి. పుట్టుమచ్చగా నమోదైన దిష్టిచుక్కలు పాత షీట్లలో దొరుకుతాయి.

బట్టలు విప్పి, చీకటి గదిలో వుడ్స్ ల్యాంప్ (అతినీల కాంతి దీపం) కింద ఒళ్ళంతా చూశాం. ట్యూబరస్ స్క్లెరోసిస్ అనే జన్యు జబ్బులో వేపాకంత తెల్ల మచ్చలు ఆ వెలుగులోనే బాగా బయటపడతాయి. అవి లేవు.

దొరికినవి ఇవి. తల చుట్టుకొలత 52.4 సెం.మీ., ఆ వయసుకు మధ్యస్థం 50 పైచిలుకు కాబట్టి పెద్దవైపే ఉంది కానీ హద్దు దాటలేదు. తండ్రి తల మామూలు పరిమాణమే. చెవులు 6.2 సెం.మీ., వయసుకు బాగా పెద్దవి, ముందుకు పొడుచుకొచ్చాయి. నుదురు వెడల్పు. అంగిలి ఎత్తుగా కమాను కట్టింది. చర్మం మెత్తగా మఖమల్‌లా ఉంది. వేళ్ళ మొదళ్ళను వెనక్కి వంచితే 90 డిగ్రీలు దాటాయి. పాదాల కింద వంపు లేదు. ఎడమ కంటికి స్వల్పంగా మెల్ల. చిన్నప్పటి నుంచి ఏటా మూడు నాలుగుసార్లు చెవిలో చీము.

విడివిడిగా ఇవన్నీ మామూలు పిల్లల్లోనూ ఉంటాయి. చెవులు మేనమామ పోలికని ఇంట్లోవాళ్ళు సర్దిచెప్పుకున్నారు కూడా. కానీ పెద్ద చెవులు, వదులు కీళ్ళు, మెత్తని చర్మం, ఎత్తు అంగిలి, మాటిమాటికీ చెవి జబ్బు ఒకేచోట కలిశాయంటే, అబ్బాయి అయ్యేసరికి, ఎక్స్ క్రోమోజోమ్ మీది జన్యువు మార్పుతో వచ్చే ఫ్రాజైల్ ఎక్స్ సిండ్రోమ్ మనసులోకి రావాలి. పాఠ్యపుస్తకంలోని పొడుగు ముఖం, పెద్ద దవడ, పెద్ద వృషణాలు యౌవనంలో తేలేవి. నాలుగేళ్ళ పిల్లవాడిలో వాటి కోసం వెతికి, లేవని కొట్టేయడం తరచుగా జరిగే పొరపాటు.

థెరపీ సెంటర్‌లో నిజంగానే పోలికలున్న పిల్లలు కొందరు కనిపించేది ఇందుకే. ఆటిజంతో పాటు వచ్చే జన్యు సమస్యల్లో కొన్నిటికి వాటి ముఖం వాటికుంది. కార్నీలియా డి లాంగే సిండ్రోమ్‌లో కనుబొమలు కలిసిపోతాయి, పీటెన్ జన్యువు మార్పులో తల చాలా పెద్దది, ట్యూబరస్ స్క్లెరోసిస్‌లో వయసు పెరిగేకొద్దీ ముక్కు పక్కన ఎర్రటి పొక్కుల్లాంటివి వస్తాయి. ఆ పోలిక ఆ సిండ్రోమ్‌ది, ఆటిజంది కాదు. ఫ్రాజైల్ ఎక్స్ ఉన్న అబ్బాయిల్లో సుమారు సగం మందికి ఆటిజం కూడా ఉంటుంది. కానీ ఆటిజం ఉన్న వందమందిని తీసుకుంటే ఫ్రాజైల్ ఎక్స్ ఉన్నవాళ్ళు ఒకరిద్దరు.

కదలిక: వీడియోతో లెక్కించడం

గదిలో కూర్చోబెట్టి "నవ్వు నాన్నా" అంటే వచ్చే సమాచారం సున్నా. ఇంట్లో, ఫోన్‌ను పిల్లవాడి కళ్ళ ఎత్తులో షెల్ఫ్ మీద ఆనించి, ఎవరూ పట్టుకోకుండా తీయమన్నాం. మూడు సందర్భాలు: అమ్మతో సబ్బు బుడగల ఆట, నాన్న ఆఫీసు నుంచి ఇంట్లోకి అడుగుపెట్టే క్షణం, అన్నం తినే సమయం. ఒక్కోటి రెండు నిమిషాలు, మొత్తం ఆరు. టీవీ, ఫోన్ ఆపేయాలి. ఆకలిగా ఉన్నప్పుడూ నిద్రకు ముందూ వద్దు.

ఆరు నిమిషాలను 10 సెకన్ల ముక్కలు చేస్తే 36 వస్తాయి. ప్రతి ముక్కకీ నాలుగు గళ్ళు: ముఖంలో భావం ఉందా, సందర్భానికి సరిపోయిందా, ఎదుటివాళ్ళ వైపు చూపుతో కలిసి వచ్చిందా, ఎంత ఆలస్యంగా వచ్చింది. ఇద్దరు వేరువేరుగా గళ్ళు నింపి తర్వాత పోల్చుకోవాలి. ఒక్కరే చేస్తే ముందే ఉన్న అభిప్రాయం గళ్ళలోకి దిగుతుంది. పాల్ ఎక్‌మన్, వాలెస్ ఫ్రీసెన్ 1978లో తయారుచేసిన ముఖ కండరాల సంకేత పద్ధతి ఇంకా సూక్ష్మమైనది. పరిశోధనకు అది కావాలి కానీ ఓపీలో అంత సమయం ఉండదు. నిజమైన నవ్వులో పెదవుల మూలలతో పాటు కళ్ళ చుట్టూ కండరం కూడా బిగుస్తుందన్న ఒక్క సంగతి దాన్నుంచి తీసుకుంటే చాలు.

ఇంటి వీడియోలో 36 ముక్కల్లో 14 చోట్ల నవ్వు ఉంది. తక్కువేమీ కాదు. అమ్మనో నాన్ననో నేరుగా చూస్తూ వచ్చినవి 5. బుడగల్ని చూస్తూ తనలో తాను నవ్వినవి 6. మిగిలిన 3 గమనించదగ్గవి: నాన్న రాగానే బాబు ముఖం, భుజం రెండూ గోడవైపు తిప్పేసి, కంటి కొసతో చూస్తూ, చేయి మాత్రం నాన్న వైపు చాపుతూ నవ్వాడు. ఓపీలో అదే ఆరు నిమిషాలకు నవ్వులు 3, మూడూ కంటి కొస చూపులతోనే. ఓపీ వీడియో ఒక్కటే చూసి ఉంటే 'భావశూన్యం' అని రాసేవాళ్ళం.

ముఖం తిప్పుకుని చేయి చాపడం ఫ్రాజైల్ ఎక్స్ పిల్లల్లో బాగా తెలిసిన పలకరింపు. మనిషి మీద ఆసక్తి ఉంది, కళ్ళలోకి చూడటం మాత్రం భరించలేడు. ఎదుటి మనిషి వచ్చిన సంగతే పట్టనట్టుండే పిల్లవాడు వేరు. బయటి నుంచి చూస్తే రెండూ 'కళ్ళలోకి చూడడు' అనే ఒక్క గడిలో పడిపోతాయి.

సాధారణంగా ఆటిజంలో భావాలు ఎలా కనిపిస్తాయన్నదానికి 39 అధ్యయనాలను కలిపి 2018లో చేసిన విశ్లేషణ ఒకటుంది. ఆటిజం ఉన్నవాళ్ళ ముఖంలో భావాలు తక్కువసార్లు, తక్కువసేపు కనిపిస్తాయి. ఎదుటివాళ్ళ భావాన్ని అప్రయత్నంగా అనుకరించడం తక్కువ. వచ్చినప్పుడు దాని తీవ్రత మాత్రం ఇతరులకన్నా తగ్గదు. అంటే 'ఆటిజం ఉంటే ముఖం మొద్దుబారి ఉంటుంది' అనే మాట సగం కూడా నిజం కాదు. ఒక్కోసారి ఇతరులకు ఆ భావం అర్థం కాకపోవచ్చు, అది వేరే విషయం. 2012లో డామియన్ మిల్టన్ చెప్పింది అదే: అర్థం చేసుకోలేకపోవడం రెండువైపులా ఉంది. 2017లో నోవా సాసన్ బృందం చేసిన పనిలో, ఆటిజం ఉన్నవాళ్ళ వీడియో కొన్ని సెకన్లు చూసినవాళ్ళు వాళ్ళతో స్నేహానికి వెనకాడారు. అదే మాటల్ని ముఖం, గొంతు లేకుండా కాగితం మీద చదివినప్పుడు ఆ వెనకాటు లేదు. ప్లేస్కూల్ టీచర్ 'వీడికి ఏ ఫీలింగ్సూ లేవు' అని డైరీలో రాయడం ఈ కోవలోదే.

ఆటిజం నిర్ధారణ

ఇంతకుముందు ఎవరో ఎం-చాట్ ప్రశ్నావళి నింపి 9 మార్కులని రాశారు. అది 16 నుంచి 30 నెలల పిల్లలకు, అదీ జల్లెడ పట్టడానికి. నాలుగేళ్ళవాడికి ఆ అంకెతో పని లేదు.

ముందు బెరా అనే వినికిడి పరీక్ష. కుడి చెవిలో స్వల్పంగా, ఎడమ చెవిలో ఒక మోస్తరు లోపం తేలింది, చెవిలో నీరు వల్ల. ఇది తెలియకుండా 'పిలిస్తే పలకడు' అన్న గడి నింపకూడదు. చెవికి వైద్యం జరిగాక, ఆరు వారాలకు, మళ్ళీ కూర్చున్నాం.

ఐఎస్‌ఏఏ మన సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థ ఆటిజం తీవ్రత కొలవడానికి తయారుచేసిన స్కేలు. అప్పటి ఎన్ఐఎంహెచ్, ఇప్పటి ఎన్ఐఈపీఐడీ. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5. 70 లోపు ఆటిజం లేదు, 70 నుంచి 106 స్వల్పం, 107 నుంచి 153 మధ్యస్థం, ఆపైన తీవ్రం. ముఖానికి సంబంధించి ఇందులో అడిగేది చూపు కలపడం, ఎదుటివాళ్ళను చూసి నవ్వడం లాంటివే. ముక్కు, చెవి ఎక్కడా లేవు. కంటి కొస నవ్వుల్ని 'సామాజిక నవ్వు లేదు' అని గరిష్ఠ మార్కు వేయలేదు. ఇంటి వీడియో పక్కన పెట్టుకుని 3 వేశాం. ఇలాంటి నాలుగైదు గళ్ళలో తొందరపడితేనే స్వల్పం కాస్తా మధ్యస్థమైపోతుంది. సదరం ధ్రువపత్రం దాకా ఆ అంకె వెంట వస్తుంది.

మొత్తం 98. వేలు పెట్టి చూపించి పంచుకోవడం లేదు, రెండు పదాల వాక్యాలు ఉన్నా సగం ప్రకటనల్లోవి, చేతులు రెపరెపలాడించడం, స్కూటర్ చక్రం ముందు గంటసేపు, మిక్సీ శబ్దానికి చెవులు మూసుకోవడం. డీఎస్‌ఎం-5 ప్రకారం ఆటిజం నిర్ధారణ అయింది. నిర్ధారించింది ప్రవర్తన, ముఖం కాదు.

"చూశారా, యాప్ నిజమే చెప్పింది" అన్నాడు తండ్రి. మర్నాడు బాబు అక్క, ఏడేళ్ళ పాప ఫొటో పెడితే 6 శాతం అని వచ్చింది. ఆ పాప సంగతి తర్వాత వస్తుంది.

వంశవృక్షం

ఇది కేసుకి కీలకం, గంట పట్టినా ఫరవాలేదు. తల్లి పెళ్ళి చేసుకున్నది సొంత మేనమామని, అమ్మమ్మ తమ్ముణ్ణి. చుట్టాలందరూ తప్పంతా ఆ మేనరికం మీదే పెట్టారు. ఇంతకుముందు చూసినచోట కూడా 'రక్తసంబంధ వివాహం' అని గీత గీసి వదిలేశారు. 'తల్లి తరఫు మగవాళ్ళలో ఎవరికైనా బుద్ధి మందం ఉందా?' అన్న మామూలు ప్రశ్నకు లేదనే జవాబు. తల్లి అన్న ఇంజినీరు.

మేం అడిగిన వేరే ప్రశ్నలు: ఇంట్లో పెద్దవాళ్ళలో చేతులు వణికేవాళ్ళు, నడకలో తూలేవాళ్ళు ఉన్నారా? నలభై దాటకుండానే నెలసరి ఆగిపోయినవాళ్ళు? తాతగారికి (తల్లి నాన్నకు) 66 ఏళ్ళు, నాలుగేళ్ళుగా గ్లాసు పట్టుకుంటే చేయి వణుకుతుంది, మెట్లు దిగేటప్పుడు తూలుతారు. పార్కిన్సన్ మందు వాడుతున్నా గుణం లేదు. తల్లి చెల్లెలికి 31 ఏళ్ళు, రెండేళ్ళుగా నెలసరి క్రమం తప్పింది, పిల్లల కోసం మందులు వాడుతోంది.

ఎక్స్ క్రోమోజోమ్ మీది ఎఫ్ఎంఆర్1 జన్యువులో సీజీజీ అనే మూడక్షరాల ముక్క వరసగా ఎన్నిసార్లు ఉందన్నదే ఇక్కడ లెక్క. 45 లోపు మామూలు, 45 నుంచి 54 సరిహద్దు, 55 నుంచి 200 ప్రీమ్యుటేషన్ (పైన అడిగిన వణుకు, నెలసరి సమస్యలు దీనితో రాగలవు), 200 దాటితే పూర్తి మ్యుటేషన్. ప్రీమ్యుటేషన్ ఉన్న మగవాడు తన ఎక్స్ కూతుళ్ళందరికీ ఇస్తాడు, కొడుకులకు ఇవ్వడు. అందుకే తల్లి అన్న ఇంజినీరు కావడం ఏమీ రుజువు చేయదు. తల్లి నుంచి పిల్లలకు వెళ్ళేటప్పుడు ఆ వరస ఒక్కసారిగా వందల్లోకి పెరగవచ్చు. మగపిల్లవాడికి ఎక్స్ వచ్చేది తల్లి నుంచే కాబట్టి, తండ్రి మేనమామ అయినా పరాయివాడైనా ఈ బాబు విషయంలో తేడా లేదు.

పరీక్ష రాయడంలో జరిగే తప్పు

ఈ కుటుంబం ముందే వేల రూపాయలు పెట్టి ఎక్సోమ్ (జన్యువుల్లో ప్రొటీన్ల తయారీ భాగాలను చదివే పరీక్ష) చేయించింది. రిపోర్టు 'నార్మల్'. ఎక్సోమ్, క్రోమోజోములను చూసే మైక్రోఅరే, కార్యోటైప్ మూడూ ఈ సీజీజీ వరసను పట్టలేవు. వేరుగా అడిగితేనే చేస్తారు. రాయాల్సింది: ఎఫ్ఎంఆర్1 ట్రిప్లెట్ ప్రైమ్డ్ పీసీఆర్, పెరుగుదల కనబడితే సదరన్ బ్లాట్‌తో మిథైలేషన్ (జన్యువు పనిచేయకుండా మూతపడిందా అన్నది). ఊదా మూత ఈడీటీఏ ట్యూబులో 3 మి.లీ. రక్తం, ఫ్రీజర్‌లో పెట్టకూడదు. ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీ లాంటి కేంద్రాల్లో జన్యు నిర్ధారణ విభాగాలున్నాయి. శాంపిల్‌తో పాటు వంశవృక్షం గీసిన కాగితం పంపితే వాళ్ళ పని సులువు.

ముఖంలో ఏ ఆనవాలూ లేని ఆటిజం పిల్లలకు కూడా మైక్రోఅరే, ఎఫ్ఎంఆర్1 రెండూ సూచించడం మంచిది. మైక్రోఅరేలో నూటికి పది పదిహేను మందిలో కారణం దొరుకుతుంది. ముఖం చూసి 'వీడికి అక్కర్లేదు' అని వదిలేస్తే నాలుగేళ్ళ వయసులో ఫ్రాజైల్ ఎక్స్ చాలాసార్లు చేయి జారుతుంది.

ఫలితం: బాబుకు పూర్తి మ్యుటేషన్, మిథైలేషన్ సంపూర్ణం. తల్లికి 96, తాతకు 94, పిన్నికి 91.

ఏడేళ్ళ అక్కకు పరీక్ష చేయాలా అన్నది తేలిక నిర్ణయం కాదు. ఏ ఇబ్బందీ లేని మైనరుకు క్యారియర్ పరీక్ష చేయకూడదన్నది మా పద్ధతి. ఈ పాపకు మాత్రం రెండో తరగతిలో లెక్కలు బొత్తిగా ఎక్కడం లేదు, బడిలో ఏడాదిగా టీచరుతో నోరు విప్పలేదు, ఇంట్లో గలగలా మాట్లాడుతుంది. అందుకని చేశాం. ఆమెకూ పూర్తి మ్యుటేషనే. ఐఎస్‌ఏఏ 58, ఆటిజం లేదు. చెవులు, నుదురు, కీళ్ళు అన్నీ మామూలు, అమ్మ పోలిక. తమ్ముడిలో ఉన్న జన్యు మార్పే అక్కలోనూ ఉంది, ముఖంలో చిన్న గుర్తు కూడా లేదు. ఆడపిల్లలో రెండో ఎక్స్ కొంత భారం మోస్తుంది, ఎంత మోస్తుందో ముఖం చూసి చెప్పలేం.

ఇంట్లోవాళ్ళకు చెప్పింది, చేసింది

తల్లి ఒక్కతే ఉన్నప్పుడు 'మీ నుంచి వచ్చింది' అని చెప్పి పంపకూడదు. తండ్రి, అమ్మమ్మ, తాత అందరినీ కూర్చోబెట్టి వంశవృక్షం గీసి చెప్పాం. మేనరికం కారణం కాదని తండ్రికి, అమ్మమ్మకి విడిగా మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. అమ్మమ్మకు అది నిందలోంచి బయటపడటం. తాతకు మాత్రం కొత్త బరువు. ఆయనను ముందు రోజే పిలిచి, వణుకుకి కారణం ఇదని, ఎవరూ తెలిసి ఇచ్చింది కాదని వేరుగా మాట్లాడాం. ఎంఆర్ఐలో చిన్నమెదడు తొడిమ దగ్గర తెల్లటి మార్పు కనబడింది. పార్కిన్సన్ మందు ఆపాలా తగ్గించాలా అన్నది న్యూరాలజిస్టు నిర్ణయం.

పిన్ని విషయంలో ఆలస్యం పనికిరాదు. ప్రీమ్యుటేషన్ ఉన్న ఆడవాళ్ళలో అయిదుగురిలో ఒకరికి అండాశయాలు ముందే అలసిపోతాయి. అండాల నిల్వ తెలిపే ఏఎంహెచ్ పరీక్ష, ఫెర్టిలిటీ వైద్యులు, జన్యు సలహాదారు అన్నీ ఒకే వారంలో కుదిరేలా చూశాం. గర్భం వస్తే 11 నుంచి 13 వారాల మధ్య మావి ముక్క పరీక్ష చేయవచ్చు. ఆ దశలో మిథైలేషన్ ఇంకా పూర్తి కాకపోవచ్చు కాబట్టి, వరస పొడవు సరిహద్దులో ఉంటే ఉమ్మనీటి పరీక్ష కూడా అవసరం పడుతుంది.

బాబు థెరపీలో మార్చినవి కొన్ని. సెంటర్‌లో రోజూ 20 నిమిషాలు అద్దం ముందు 'హ్యాపీ ఫేస్, శాడ్ ఫేస్' చేయిస్తున్నారు, కళ్ళలోకి చూస్తేనే బొమ్మ ఇస్తున్నారు. రెండూ ఆపించాం. చూపు కలపమని బలవంతం చేస్తే ఫ్రాజైల్ ఎక్స్ పిల్లల్లో ఆందోళన పెరుగుతుంది, ఆ తర్వాత కొట్టడం, చేయి కొరుక్కోవడం మొదలవుతుంది. ఈ బాబు చేతి వెనక అప్పటికే కాయ కాచింది. టీచర్, థెరపిస్టు ఎదురుగా కాక పక్కన కూర్చుంటారు. పలకరింపుకు కంటి కొస చూపు, చేయి చాపడం చాలు. ఆ 20 నిమిషాలు బొమ్మల కార్డులతో అడగడం నేర్పడానికి మళ్ళించారు. నాన్న వచ్చినప్పుడు పక్కకు తిరిగి చేయి చాపితే అది పలకరింపేనని ఇంట్లో అందరికీ వీడియో వేసి చూపించాం. టీచరుకు కూడా పంపించాం, తల్లి అనుమతితో.

చెవులకు గ్రోమెట్లు (కర్ణభేరిలో పెట్టే చిన్న గొట్టాలు), మెల్లకు కళ్ళద్దాలు, కాళ్ళకు లోపలి వంపు ఉన్న చెప్పులు. మూర్ఛ ఇంతవరకూ లేదు, కానీ ఫ్రాజైల్ ఎక్స్‌లో బాల్యంలో రావచ్చు కాబట్టి లక్షణాలు రాసిన కాగితం ఇచ్చాం. గుండె కవాటం పెద్దయ్యాక వదులు కావచ్చు. ప్రతి సందర్శనలోనూ స్టెతస్కోపుతో వినడం, చప్పుడు వినిపిస్తే ఎకో. పాపకు బడిలో ఇద్దరు ముగ్గురి గుంపుల్లో మాట్లాడే అవకాశం, లెక్కలకు వస్తువులతో బోధన.

ఆరు నెలల తర్వాత అవే మూడు సందర్భాలను ఇంట్లో మళ్ళీ తీయించి, అవే 36 ముక్కలుగా లెక్కించాం. నవ్వులు 15, దాదాపు అంతే. చూపు కలిపినవి 5 నుంచి 6 అయ్యాయి, చెప్పుకోదగ్గ మార్పు కాదు. కార్డు చేతికిచ్చి అడగడం రెండు నిమిషాలకు సున్నా నుంచి 4కి చేరింది. చేయి కొరుక్కోవడం రోజూ ఉన్నది వారానికి రెండు మూడు సార్లకు తగ్గింది. రిఫరల్ పంపినవారికి రాసిన జవాబులో నిర్ధారణ రెండు వరసల్లో ఉంది: ఒకటి ఆటిజం, ప్రవర్తన ఆధారంగా, రెండు ఫ్రాజైల్ ఎక్స్ సిండ్రోమ్, ఎఫ్ఎంఆర్1 పరీక్ష ఆధారంగా. పెద్ద చెవులు, వదులు కీళ్ళు, మెత్తని చర్మం రెండో వరస కింద చేర్చాం. కంటి కొస చూపులను రెండు వరసల కిందా రాసి, ఇంటి వీడియో లెక్కల కాగితం జతచేశాం.